మెడ వెనక చెయ్యి

గేటు పక్కన ఆమె కూర్చునే ఎర్ర ప్లాస్టిక్ స్టూలు బోర్లా తిప్పి ఉంది. రాత్రి వాన పడింది కాబట్టి నీళ్ళు నిలవకుండా తిప్పారేమో అనుకున్నాను. మనవరాలు నా చెయ్యి విడిపించుకుని గేటు దగ్గరకు పరుగెత్తి, రోజూ చేసినట్టే రెండు అరచేతులూ చాచి, నాలుక బయటపెట్టి నిలబడింది. లోపలి నుంచి ఎవరూ రాలేదు. గేటుకు తాళం ఉంది.

ఎదురింటి వాచ్‌మన్ రోడ్డు దాటి వచ్చాడు. మేడమ్ లేదు సార్ అన్నాడు. ఎక్కడికి వెళ్ళిందని అడిగాను. అతను పాప వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరకు వంగి, నిన్న సాయంత్రం దవాఖానలో చనిపోయిందని చెప్పాడు.

ఎవరు అని అడిగాను. మేడమే సార్ అన్నాడు. ఏ మేడమ్ అన్నాను. అతను బోర్లా ఉన్న స్టూలు వైపు చెయ్యి చూపించాడు. పాప నాలుక అలాగే బయటపెట్టుకుని నా వైపు తిరిగింది. ఎత్తుకుని ఇంటికి తెచ్చేశాను. దారిలో ఎలా నడిచానో, ఎవరు పలకరించారో గుర్తు లేదు. అంతకుముందు శుక్రవారమే ఆమె ఆ గేటు దగ్గర కూర్చుని నాతో మాట్లాడింది. నవ్వింది కూడా.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. గోదావరి ఒడ్డున ఉద్యోగం. పొద్దునా సాయంత్రం నీటిమట్టం చూడటం, రాయడం, పైకి పంపడం. ఉద్యోగం అయిపోయాక కూడా రాసే అలవాటు పోలేదు, రోజూ డైరీ రాస్తాను. ఆ రోజు పెన్ను పట్టుకుని కూర్చున్నాను కానీ ఆమె గురించి ఒక్క వాక్యం కూడా కుదరలేదు. ఒక వాక్యంలో పట్టే మనిషి కాదు. అందుకని ఇలా విడిగా రాస్తున్నాను.

నా భార్య పోయాక నల్లగండ్లలో ఉన్న కొడుకు దగ్గరకు వచ్చేశాను. కొడుకూ కోడలూ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. రెండేళ్ళు నిండని పిల్ల వెనక రోజంతా పరుగెత్తడం నా మోకాళ్ళ వల్ల కాదు. మా అపార్ట్‌మెంట్ వెనక సందులో ఒక ఇల్లు కిరాయికి తీసుకుని ఆమె చిన్నపిల్లల క్రెష్ నడిపేది. వంట పని ఆమె చెల్లెలిది. పాపను పొద్దున తీసుకెళ్ళడం, మధ్యాహ్నం భోజనమయ్యాక తీసుకురావడం నా పని. అలా తెలిసింది ఆమె. అంతకుముందు ఏం చదివిందో, ఏం ఉద్యోగం చేసిందో నాకు తెలియదు. అడగాలని ఎప్పుడూ అనిపించలేదు.

పొద్దున పూట కార్లు, స్కూటర్లు వరసగా వచ్చి ఆగేవి. మెడలో ఆఫీసు ట్యాగులతో తల్లిదండ్రులు పిల్లను దించి, సంచీ అందించి, అదే ఊపులో వెళ్ళిపోవాలని చూసేవారు. ఆమె పోనిచ్చేది కాదు. చున్నీ నడుముకు దోపుకుని, అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చబెట్టుకుని, పిల్ల మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట చెయ్యి పెట్టేది. నుదురు ముట్టుకునేది కాదు. అందరూ నుదురే కదమ్మా చూస్తారు అని ఒకసారి అడిగాను.

"నుదురు అబద్ధం చెప్తది సార్. ఏసీ కార్ల కూసోని వస్తరు. లోపట మండుతున్నా నుదురు సల్లగనే ఉంటది. మెడ ఎనక అబద్ధం చెప్పరాదు."

తర్వాత పిల్ల గడ్డం పట్టుకుని, నోరు తెరిపించి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసేది. మొదటిసారి చూసినప్పుడు ఇదేం పద్ధతని మొహం తిప్పుకున్నాను. తర్వాత తెలిసింది. పిల్లలకిచ్చే జ్వరం సిరప్పులు స్ట్రాబెర్రీ వాసనో, నారింజ వాసనో వేస్తాయి. పొద్దున ఒక మోతాదు పోస్తే కొన్ని గంటల పాటు జ్వరం కనపడదు. పిల్లను దింపేయవచ్చు. మళ్ళీ జ్వరం పైకి వచ్చి ఇక్కడి నుంచి ఫోన్ వెళ్ళేసరికి అక్కడ ముఖ్యమైన మీటింగు అయిపోయి ఉంటుంది. ఇది ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో ఉన్న పద్ధతేనట. ఎవరూ పైకి చెప్పరు. ఆమె ముక్కుకు మాత్రం అందరి సంగతీ తెలుసు.

ఆ ముక్కు తప్పు చేయకపోలేదు. కడప వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి ఉండేవాడు, పొడుగాటి మనిషి. ఒక పొద్దున అతని కొడుకు నోరు వాసన చూసి వెనక్కి తీసుకెళ్ళమంది. అతను ఎంత చెప్పినా వినలేదు. కారు తిప్పుకుని ఇంటికి వెళ్ళి, పిల్లల టూత్‌పేస్టు ట్యూబు పట్టుకుని మళ్ళీ వచ్చాడు. "చూడు మేడమ్, ఇదీ సంగతి. కావాలంటే నువ్వూ రుద్దుకోని చూడు" అన్నాడు. ఆమె ట్యూబు వాసన చూసింది, పిల్లవాడి నోరు చూసింది, మళ్ళీ ట్యూబు చూసింది. స్టూలు మీద కూర్చుని పిల్లవాడి ఎత్తుకు దిగి, తప్పయింది బిడ్డా, మాఫ్ చెయ్యి అంది. తండ్రి అక్కడే నిలబడ్డాడు.

"మరి నాకు చెప్పవా?"

"నీకేంది అన్నా. రేపటికెల్లి వేరే పేస్టు కొను."

క్యూలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అతను కూడా నవ్వాడు. మర్నాడు నిజంగానే వేరే పేస్టు కొన్నాడట.

ముక్కు పని అయ్యాక అరచేతులు, నాలుక. చేతుల మీద, కాళ్ళ మీద, నోట్లో పొక్కులు వచ్చే జబ్బు పసిపిల్లల్లో ఒకరికొస్తే అందరికీ పాకుతుంది. దాన్ని కనిపెట్టడానికి ఆమె పిల్లలకు ఒక ఆట నేర్పింది. గేటు దగ్గరకు రాగానే రెండు చేతులూ చాచి నాలుక చూపించాలి. పిల్లలకు అది దండం పెట్టడం లాంటిదయిపోయింది. మా పాప లిఫ్టులో ఎవరు కనిపించినా చేతులు చాచి నాలుక బయటపెట్టేది. ఒకసారి కొడుకు ఆఫీసు నుంచి ఎవరో పెద్ద అధికారి ఇంటికి వస్తే ఆయనకూ చూపించింది. ఆయన ఏం చేయాలో తెలియక తన చేతులూ చూపించాడు.

అన్నీ అయ్యాక పిల్లల వంతు. ఆమె తల వంచి మెడ ఇచ్చేది. పిల్లలు చిన్న చేతులు మెడ వెనక పెట్టి, నోరు వాసన చూసి, పెద్ద డాక్టర్లలా తల ఊపేవారు. "పాసయిన్నా?" అని అడిగేది. పాసయిందని ఏ పిల్లో అనేదాకా లేచేది కాదు. వెనక కార్లు హారన్లు కొట్టినా సరే.

నా లెక్కలతో ఆమెకు ఎప్పుడూ వేళాకోళమే. పాపకు జలుబు చేసినప్పుడల్లా నేను థర్మామీటరు పెట్టి, గీతల కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీసేవాణ్ణి. నీటిమట్టాలకు అలాగే గీసేవాళ్ళం. ఒకసారి ఆ కాగితం తీసుకెళ్ళి చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీత మంచిగుంది సార్, కొండ లెక్క. గని పిల్ల ఉచ్చ పోసిందా, లేదా? గది రాయలే."

నేను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను.

"పాలు తాగిందా? బొమ్మ ఇస్తే పట్టుకుందా? గవి చెప్పుండ్రి. జ్వరం ఎంతున్నా ఆడే పిల్లతోని నాకు ఫికర్ లేదు. జ్వరం లేకున్నా మూలకు కూసున్న పిల్లతోని ఫికర్."

విరేచనాలైతే ఎన్నిసార్లని మాత్రమే కాక, ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయా అని అడిగేది. దగ్గు వస్తే చొక్కా ఎత్తి, డొక్కలు లోపలికి పోతున్నాయా అని చూసేది. డాక్టరు దగ్గరకు పొమ్మనేదే కానీ ఒక్క మందు పేరు కూడా ఆమె నోట విననేలేదు. ఎవరైనా అడిగితే నేను గేటు కాడ ఉండేదాన్ని, గంతే అనేది. నేనూ ఆ తర్వాత నా కాగితం మీద అంకెల పక్కన ఇవన్నీ రాయడం మొదలుపెట్టాను.

నన్ను మొత్తం కుదిపేసిన రోజు ఒకటుంది.

ఆ పొద్దున కోడలు పాపకు గౌను వేసి, సంచీ సర్ది, తనకు తొందరగా ఒక కాల్ ఉందని చెప్పి వెళ్ళిపోయింది. పాప కాస్త మందంగా ఉంది. నిద్ర చాలలేదనుకుని ఎత్తుకుని బయల్దేరాను. గేటు దగ్గర ఆమె మెడ వెనక చెయ్యి పెట్టింది. నోరు వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"ఇంటికి తీస్కపోండ్రి సార్."

"ఏమయిందమ్మా?"

"మందు పోసిండ్రు."

నాకు మొహం మీద కొట్టినట్టయింది. మా ఇంట్లో అలాంటివి జరగవండి, నా కోడలు దాచిపెట్టే మనిషి కాదు అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. వెనక నిలబడ్డవాళ్ళు చూస్తున్నారు.

"మీ కోడల్ని నేనేమన్న అన్ననా? పిల్ల నోరు వాసనొస్తున్నదన్న. జ్వరం మందు మాటున ఉన్నది, జర సేపటికి బయటపడ్తది. లోపట ఇంకా పిల్లలున్నరు."

కోడలితోనే చెప్పిస్తానని ఫోన్ తీశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. అప్పుడే నా భుజం మీద పాప బరువు మారింది. ఇంతకంటే సరిగ్గా చెప్పలేను. మెత్తగా వాలి ఉన్న పిల్ల ఒక్కసారి కర్రలా బిగుసుకుంది. కళ్ళు పైకి తిరిగాయి. చేతులూ కాళ్ళూ కొట్టుకోవడం మొదలయింది. పెదాలు నల్లబడ్డాయి. నా చేతుల్లోనే పోతోందనుకున్నాను.

మనవడిని దింపడానికి వచ్చిన ఒక పెద్దావిడ తాళాల గుత్తి తీసి పాప పిడికిట్లో పెట్టబోయింది. ఎవరో చెంచా అన్నారు. ఇంకెవరో మొహాన నీళ్ళు కొట్టమన్నారు. క్రెష్ ఆమె పిల్లను నా దగ్గర నుంచి లాక్కుంది. వసారాలో పరిచి ఉన్న చాప మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర గుండీ విప్పింది. తాళాల గుత్తిని పక్కకు తోసేసింది.

"నోట్ల ఏం పెట్టకుండ్రి. పట్టి ఆపకుండ్రి. అందరు జరుగుండ్రి, గాలి రానియ్యుండ్రి." తర్వాత తల ఎత్తకుండానే నాతో అంది. "సార్, గడియారం చూడుండ్రి. ఎంతసేపైతదో చూస్తనే ఉండుండ్రి. మీ పని గదే గదా."

చూశాను. ముల్లు వైపే చూశాను, పాప వైపు చూడలేదు. వినబడుతోంది మాత్రం, చిన్న మడమలు చాపకు తగులుతున్న చప్పుడు. ఆ చప్పుడు నెమ్మదించింది. ఆగిపోయింది. ఆగినందుకు భయపడాలో ఊపిరి పీల్చుకోవాలో తెలియలేదు. తర్వాత పాప గట్టిగా ఊపిరి తీసుకోవడం వినిపించింది. నోటి పక్క చొంగ తుడుస్తూ ఆమె నన్ను అడిగింది, ఎంతసేపయింది సార్ అని.

నేను చెప్పలేకపోయాను. జీవితమంతా కొలతలు చూసి రాసినవాణ్ణి, ముల్లు మీద నుంచి కళ్ళు తిప్పకుండా చూసినవాణ్ణి, ఎక్కడ మొదలయిందో ఎక్కడ ఆగిందో నా బుర్రలో లేదు. పోనీ, నేను చూసుకున్న అంది ఆమె. ఆ పని నాకు ఎందుకు చెప్పిందో చాలా రోజుల తర్వాత అర్థమైంది.

ఆమెను కూడా తీసుకుని కడప తండ్రి కారులో దగ్గరలోని పిల్లల ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరు చిన్నవాడు, నెమ్మదిగా మాట్లాడాడు. జ్వరంతో వచ్చే ఫిట్స్ అన్నాడు. ఈ వయసు పిల్లల్లో చూస్తూనే ఉంటామని, చూడటానికి భయంకరంగా ఉంటుంది కానీ మామూలుగా హాని చేయదని, మళ్ళీ వచ్చినా ఇలాగే పక్కకు పడుకోబెట్టాలని, ఐదు నిమిషాలు దాటితే మాత్రం ఆలోచించకుండా తీసుకురావాలని చెప్పాడు. ఎంతసేపు వచ్చిందని అడిగితే జవాబు ఆమే చెప్పింది. మందు ఏమైనా ఇచ్చారా, ఎప్పుడు, ఎంత అని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

అప్పుడే కోడలు వచ్చింది. ట్యాగు మెడలో వెనక్కి తిరిగిపోయి ఉంది. పాప నిద్రపోతోందని చూశాక కూడా వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది. క్రెష్ ఆమె లేచి కోడలి పక్కకు వెళ్ళి, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా అడిగింది.

"ఎప్పుడు పోసినవ్ చెల్లే? డాక్టర్‌కు తెల్వాలె. మళ్ళ మందిస్తే ఎక్కువైతది."

కోడలు నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. లేవగానే పోశానంది. రాత్రి నుంచే ఒళ్ళు వేడిగా ఉందని, ఈ వారం సెలవు పెడితే కుదరదన్నారని, మావయ్యగారికి చెబితే పంపించరని చెప్పలేదని అంది. నేను నమ్మలేకపోయాను. ఈ అమ్మాయి నేను మాత్రలు వేళకు వేసుకున్నానో లేదో రోజూ అడిగే మనిషి. మందు పోయడం వల్ల ఫిట్స్ రాలేదని, పోసినంత మాత్రాన ఆగేదీ కాదని, జ్వరం ఎందుకు వచ్చిందో చూసుకోవాలని డాక్టరు చెబుతున్నాడు. నాకు సగమే వినిపించింది.

బయట వరండాలో ఆమె నా పక్కన కూర్చుంది. అప్పటిదాకా సార్ అనేది. ఆ రోజు నుంచి తాతా అయ్యాను.

"ఇంటికి పోయి తిట్టకు తాతా."

చేతిలో ఉన్న మందుల చీటీ మడతపెట్టాను.

"దాసిపెట్టుడు తప్పే. నేను రానియ్య కూడా. గని గా పోరి ఏం జేస్తది చెప్పు. సెలవు ఇయ్యనోళ్ళు నా గేటు కాడికి రారు గదా, వాళ్ళ నోరు వాసన చూద్దామంటే."

ఇంటికి వెళ్ళాక నేను తిట్టలేదు. ఆ సాయంత్రం కోడలే నా గదిలోకి వచ్చి, ఇక ఎప్పుడు మందు పోసినా మీకు చెప్పి పోస్తాను మావయ్యగారూ అంది. ఆ రోజు డైరీలో ఒకటే మాట ఉంది, పాప బాగుంది అని. మిగతా పేజీ ఖాళీ.

ఆ తర్వాత క్రెష్ ఆమెకూ నాకూ చనువు పెరిగింది. మధ్యాహ్నం పాపను తీసుకురావడానికి కాస్త ముందే వెళ్ళి కూర్చునేవాణ్ణి. వానలు మొదలై చుట్టుపక్కల డెంగీ జ్వరాలు వచ్చినప్పుడు ఆమె ఒకే విషయం మీద పోరేది. జ్వరం దిగగానే తల్లిదండ్రులు తగ్గిపోయిందనుకుని పిల్లను పంపేస్తారు. ఆ జ్వరంలో అసలు ప్రమాదం దిగిన తర్వాతే అని ఎంత చెప్పినా వాళ్ళకు ఎక్కడం లేదని ఒక రోజు విసుక్కుంది. అప్పుడు నా ఉద్యోగం సంగతి ఒకటి చెప్పాను. వరద వచ్చినప్పుడు గట్టు మీద అందరూ కాపలా ఉంటారు. నీళ్ళు దిగుతున్నాయనగానే ఇళ్ళకు వెళ్ళిపోతారు. కానీ నానిన గట్టుకు అప్పటిదాకా ఆ నీళ్ళే ఆనుకుని దన్నుగా ఉంటాయి. నీళ్ళు గబగబా దిగిపోతే గట్టు జారేది అప్పుడే. మట్టం తగ్గినప్పుడు మేం ఇంకా గట్టిగా కాపలా ఉండేవాళ్ళం.

ఆమె స్టూలు నా వైపు జరుపుకుంది. గిది ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే తాతా అంది. మర్నాడు పొద్దున గేటు దగ్గర వింటే, అదే మాట ఒక తల్లికి చెబుతోంది.

"వరద దిగినంక కట్ట చూస్కోవాలె అమ్మా. మా తాత చెప్పిండు, గోదావరి కాడ పనిజేసిండు. జ్వరం దిగినంక రెండు రోజులు పిల్ల దిక్కే చూడు. కడుపునొప్పి అన్నదా, వాంతులైనయా, చేతులు కాళ్ళు సల్లగైనయా, మబ్బుగ పడి ఉన్నదా, ఇగ నా దగ్గరికి కాదు, సీదా దవాఖానకు."

అలా నా గట్టు మాట ఆ వానాకాలమంతా గేటు దగ్గర వినిపించింది. నిజం చెప్పాలంటే నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు ఆ మాట నా నోట రావడం లేదు.

ఆమెకు జ్వరం వచ్చిందని మాకెవరికీ తెలియదు. చివరి వారంలో ఒక రోజు మాత్రం, పిల్లల వంతు వచ్చినప్పుడు ఆమె తల వంచితే మా పాప మెడ వెనక చెయ్యి పెట్టి చటుక్కున తీసేసుకుంది. "అత్తా, కాలింది" అంది. చెయ్యి ఊదుకుంది. అందరం నవ్వాం. ఆమె అందరికంటే ఎక్కువ నవ్వింది. పొద్దుటి సంది ఎండల నిలబడ్డ బిడ్డా అంది. ఆ రోజు ఎండ ఉంది, నిజమే. పాప ఆమె నోరు కూడా వాసన చూసింది. ఏమీ లేదన్నట్టు తల ఊపి, పాస్ అంది. తర్వాత వచ్చిన శుక్రవారం ఆమె మెడ చల్లగానే ఉండి ఉండాలి. పాప ఏమీ అనలేదు. ఆమె ఆ రోజు స్టూలు మీద నుంచి లేవకుండా పిల్లల్ని చూసింది. జర కాళ్ళు గుంజుతున్నయ్ తాతా, మంచిగైతది, నీ మోకాళ్ళు నాకొచ్చినయ్ అని నవ్వింది.

మిగతా సంగతి ఆమె చెల్లెలు చెప్పింది. కర్మలయ్యాక నేనూ కోడలూ వెళ్ళాం. చెల్లెలు వసారాలో అదే చాప మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"పొద్దున లేస్తనే గోలీ ఏస్కొని గేటు కాడికి పోయేది తాతా. జ్వరం దాసింది. బంద్ పెడదామంటే వినలే. నేను బంద్ పెడితే గింతమంది సెలవులు ఎక్కడికెల్లి తెస్తరు అన్నది. శుక్రారం జ్వరం దిగింది. చూసినవా, దిగిపోయిందన్నది. శనారం నుంచి కడుపునొప్పన్నది. ఐతారం చేతులు సల్లగైనయ్. గప్పుడు తీస్కపోయినం."

కోడలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. నేను చెల్లెలిని ఒకటే అడిగాను. ఆమెకు తెలుసు కదమ్మా, రోజూ అందరికీ చెప్పేది కదా అన్నాను. చెల్లెలు నా వైపు చూసింది. నాకేం తెల్సు తాతా అంది.

ఆమెకు తెలుసు. ఆ నాలుగు లక్షణాలూ ఆమె నోటి నుంచి నేను ఎన్నిసార్లు విన్నానో. ఏ పిల్లనైనా ఆ స్థితిలో చూస్తే గేటు లోపలికి రానిచ్చేది కాదు, సొంత బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్ళేది. ఆమె మీద నాకు కోపం వస్తోంది. అది ఏ జ్వరమో తెలియకుండా పసిపిల్లల మధ్య తిరిగినందుకు కోపం, తనను తాను గేటు దగ్గర ఆపనందుకు ఇంకా కోపం. కోపం వచ్చిన ప్రతిసారీ ఆ స్టూలు మీద నవ్విన మొహం కనిపిస్తుంది, కోపం నిలవదు. పాప ఆ రోజు నోరు సరిగ్గానే చూసింది. పెద్దవాళ్ళు వేసుకునే మాత్రకు వాసన ఉండదు.

తిరిగి వచ్చి లిఫ్టు ఎక్కాక కోడలు, మావయ్యగారూ, ఆ పొద్దున నేను దాచినట్టే కదా అంది.

ఇప్పుడు పాపను తెల్లాపూర్ వెళ్ళే దారిలో ఇంకో చోట చేర్పించారు. అద్దాల తలుపులు, గోడల మీద బొమ్మలు. మొదటి రోజు నేనే తీసుకెళ్ళాను. లోపల ఏసీ, మేం వెళ్ళిన కారులోనూ ఏసీ. తలుపు దగ్గర ఒక అమ్మాయి జ్వరం చూసే తుపాకీ లాంటి పరికరాన్ని పాప నుదుటికి గురిపెట్టింది. అది కూసింది. నార్మల్ అంకుల్, పాపను పంపించండి అంది. మా వెనక వేచి ఉన్న పిల్ల వైపు అప్పటికే పరికరం తిప్పేసింది.

పాప కదల్లేదు. రెండు అరచేతులూ చాచి, నాలుక బయటపెట్టి, తలుపు మధ్యలో నిలబడి ఉంది. లోపలికి వెళ్ళమ్మా అని ఆ అమ్మాయి మెల్లగా వీపు తట్టింది. పాప ఇంకా కాస్త ముందుకు జరిగి, తన వంతు కోసం, ఆ అమ్మాయి తల వంచుతుందేమో అని పైకి చూస్తోంది.